నిచ్చెన మా ఇంట్లో ఉండేది

పోయిన నెల ఒక ఉదయం నేను పేపరు ముగించి కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండగా, మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు మా ఎదుటి లైబ్రరీని కొలవడం మొదలుపెట్టారు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. పాత కట్టడాల మీద చదువట. వాళ్ళకిప్పుడు టేపు కూడా అక్కరలేదు. అగ్గిపెట్టెంత పరికరం ఒకటి పట్టుకుని గోడ మీదికి ఎర్ర చుక్క విసిరితే కొలత దానంతట అదే వస్తుంది. మా తాత కట్టించిన గోడ మీద ఆ ఎర్ర చుక్క అటూ ఇటూ పరుగెత్తడం నాకు నచ్చలేదు. ఈ వయసులో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి కనుక ఊరుకున్నాను. గంట తర్వాత ఇద్దరూ మా గడప దగ్గరికి వచ్చి నీళ్ళు అడిగారు. అమ్మాయి మొదట తమిళంలో మొదలుపెట్టి, లోపలి నుంచి మా కోడలి మాట విని తెలుగులోకి మారింది. "మా ఇంట్లోనూ తెలుగే తాతా. చదివేదే రాదు" అంది, రెండు రోజులుగా జలుబని చెప్పినంత తేలిగ్గా. అబ్బాయి పుస్తకంలో రెండు ప్రశ్నలు రాసి ఉన్నాయి. మిద్దె మీదికి పోవడానికి మెట్లు ఎందుకు లేవు? ముందు పిట్టగోడ నడుమ ఆ ఖాళీ దిమ్మె ఏమిటి? అడగడం మర్యాద కోసమే, జవాబులు అప్పటికే రాసేసుకున్నాడు. కట్టినవాళ్ళు మెట్లు మరిచిపోయి ఉంటారట. దిమ్మె మీద గడియారం ఉండేదట.

నేను లేచి నిలబడ్డాను. మోకాళ్ళ వల్ల ఈమధ్య ఎవరి కోసమూ లేవడం లేదు. "ఎవురూ ఏమీ మరిచిపోలేదు. నిచ్చెన మా ఇంట్లో ఉండేది" అన్నాను. పిల్లలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలో నాకు తోచలేదు. కూర్చోమన్నాను.

మావాళ్ళు విజయనగరం రాజుల కాలంలో ఇటు వచ్చి భూములు చేసుకున్నవాళ్ళు. మా ఊరు తిరుత్తణి నుంచి ఏ ఊరికి పోవాలన్నా మా పొలం గట్టు తొక్కకుండా పోలేకపోయేవారని మా అవ్వ అనేది. నా చేతికి వచ్చేసరికి ఆ గట్లలో ఒక్కటి కూడా మాది కాదు. అవి ఎలా పోయాయన్నది వేరే సంగతి, చెప్పదగిన సంగతి కాదు. మిగిలిన గౌరవమల్లా ఇంటి ఎదురుగా మా తాత కట్టించిన లైబ్రరీ. అప్పటికి మా తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది, ఆ తర్వాతే తమిళ రాష్ట్రంలో కలిపారు. సంతలో, బడిలో, కచేరీలో తెలుగు నడిచేది. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఉన్నారు కానీ కూర్చుని చదివే చోటు లేదని, మా బండ్లు నిలిపే స్థలంలో ఆయన ఈ కట్టడం లేపాడు.

ఆ కట్టడం గురించి నేను చెబితే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. చెప్పకపోతే ఆ అబ్బాయి రాసుకున్నదే మిగులుతుంది. ముందు వసారా, ఆరు గుండ్రటి స్తంభాలు. చూసినవాళ్ళు రాయి అనుకుంటారు, ఇటుక అది. పైన కోడిగుడ్డు సొన కలిపిన మెత్తని సున్నం పూసి, గులకరాయితో వారాల తరబడి రుద్దితే వచ్చిన నునుపు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ స్తంభానికి చెంప ఆనిస్తే కుండ నీళ్ళు తాగినట్టు ఉండేది. లోపల ఒకటే హాలు, పద్దెనిమిది అడుగుల ఎత్తు, కింద కడప రాళ్ళు. గోడల పైభాగాన వరుసగా గుండ్రటి కిటికీలు, వేడిగాలి బయటికి పోవడానికి. పిచ్చుకలు వాటిని లోపలికి రావడానికి అనుకున్నాయి. ఇక మిద్దె. టేకు దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద సన్నటి ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి, పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నం పరిచి, కరక్కాయా బెల్లమూ నానబెట్టిన నీళ్ళు చల్లుతూ ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కొయ్య పలకలతో తొమ్మిది రోజులు కొట్టారట. పలక తగిలితే ఎగిరి రావాలి, కింద గుర్తు పడకూడదు. అప్పుడే ఆపాలి. ఇందులో సిమెంటు చిటికెడు లేదు. ఆ ముక్క ఆ తర్వాత వచ్చిన ఇంజనీర్లకు చెప్పి చెప్పి నా గొంతు పోయింది.

ఒక్క చోట మాత్రం మా తాత మేస్త్రి మాట వినలేదు. ముందు పిట్టగోడ నడుమ సింహం కావాలన్నాడు. దూలం మీద అంత బరువు వద్దని మేస్త్రి చెప్పాడు. వద్దు అనే మాట మా తాతకు అలవాటు లేదు. తీరా పని మొదలుపెట్టాక తెలిసింది, మేస్త్రి జన్మలో సింహాన్ని చూడలేదని. జూలు ఎలా ఉంటుందో ఎవరినో అడిగి చేశాడు. మూతి దగ్గరికి వచ్చేసరికి అడగడానికి మనిషి దొరక్క, ఎదురుగా నిలబడి అజమాయిషీ చేస్తున్న మా తాతనే చూసి చేశాడు. రెండు వైపులా మెలితిరిగిన మీసాలు. కింద దిమ్మె మీద, సున్నపు అక్షరాల్లో, తెలుగులో మా తాత పేరు. అది సింహమని మా ఇంటిల్లిపాదీ నమ్మాం. ఊరు నమ్మలేదు. జట్కావాళ్ళ దగ్గర నుంచి కొండ మీది గుడికి వచ్చే యాత్రికుల దాకా అందరూ దాన్ని "మీసై పూనై" అనేవాళ్ళు, మీసాల పిల్లి అని. సర్కారు ఏ పేరు పెట్టినా ఉత్తరాలు "పూనై లైబ్రరీ, తిరుత్తణి" అనే వచ్చేవి, చక్కగా చేరేవి కూడా. ఆ చేరడమే నాకు మంట. పోస్టుమాన్‌ను రెండుసార్లు మందలించాను.

తాత తన చివరి రోజుల్లో లైబ్రరీని సర్కారుకు రాసిచ్చాడు. స్థలం, కట్టడం, బీరువాలు, పుస్తకాలు, గోడ గడియారం, అన్నీ ఇచ్చాడు. నిచ్చెన ఇవ్వలేదు. ఆ ఎత్తుకు మామూలు వెదురు నిచ్చెన అందదు. కట్టేటప్పుడే టేకుతో చేయించినది, ఇద్దరు మోయాలి. "మిద్దె ఎక్కవలసి వచ్చినప్పుడు మా ఇంట అడిగి, మా నిచ్చెనతోనే ఎక్కవలెను" అని రాతపత్రంలో రాయించాడు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అది మా వసారాలో రెండు ఇనుప కొక్కేలకు వేలాడుతూ ఉండేది. ఏటా ఆయుధపూజకు దానికి పసుపు పూసి, మెట్టు మెట్టుకూ కుంకుమ బొట్లు పెట్టి, పూలు చుట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళం. మా నాయన పోయాక ఆ పని నాది అయింది. పొలాలు పోయాయి, బండ్లు పోయాయి, ఇంట్లో సగం ఒక బస్సు కండక్టరుకు అద్దెకు పోయింది. నిచ్చెన ఉంది. ఊరి నడుమ సర్కారు మిద్దె, దానికి దారి మా గోడ మీద. అది తలుచుకుంటే నా వెన్ను నిటారుగా నిలిచేది. అడగడానికి వచ్చినవారిని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, తాంబూలం ఇచ్చి, ఆ తర్వాత నిచ్చెన ఇవ్వాలని నా ఏర్పాటు. ఇబ్బంది ఒక్కటే. నాకు తెలిసి ఎవరూ అడగడానికి రాలేదు.

డెబ్బైలు ముగిసి ఎనభైలు మొదలైన రోజులు. నాకు ముప్పై దాటలేదు. తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాడిని. పొద్దున రైలు, సాయంత్రం రైలు. కడంబత్తూరులో మా బండి ఏదో ఒక ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చి, చేలు చూసుకుంటూ నిలబడిపోయేది. నా చిరాకుల్లో సగం అక్కడ పుట్టినవే. ఆ ఏడు ఎండాకాలంలో లైబ్రరీ హాలులో ముందు గోడ నడుమ, సరిగ్గా తెలుగు పుస్తకాల బీరువాల నెత్తిన, మిద్దె నుంచి సున్నం పెళ్ళలుగా రాలింది. దూలం మీద నల్లటి మచ్చ. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు మచ్చను చూసి, ఐపసి నెలలో, దీపావళి నాటికి, వానలు పట్టేలోగా ఓవర్సియరు మిద్దె ఎక్కి చూసి, బాగు చేయించి, సంతకం పెట్టాలి, లేకపోతే కట్టడానికి తాళం వేయాలి అని రాసి వెళ్ళాడు. తాళం పడితే తమిళ పుస్తకాలు, పత్రికలు బస్టాండు వెనక ఒక అద్దె గదికి పోతాయి. గదిలో చోటు అంతే. తెలుగు పుస్తకాలు నాలుగు బీరువాలు గోనెసంచుల్లోకెక్కి తిరువళ్ళూరులో ఒక గోడౌనుకు పోతాయి. ఎలుకలకు ఏ భాషైనా ఒకటే. ఒకసారి మూసిన సర్కారు కట్టడం మళ్ళీ తెరుచుకోవడం మా తాలూకాలో ఎవరూ చూడలేదు.

ఓవర్సియరుగారి ఆఫీసు తిరువళ్ళూరులోనే, నా ఆఫీసుకు రెండు వీధుల అవతల. ఆయన రాలేదు. ప్యూను చేత ఒక చీటీ పంపాడు, తమిళంలో ఒకే ఒక్క ముక్క: ఏణి ఇచ్చి పంపవలెను. ఏణి అంటే నిచ్చెనే, మా ఇళ్ళల్లోనూ ఆ మాటే అంటాం, మాటతో నాకు పేచీ లేదు. పైన నా పేరు లేదు, కింద దండం లేదు. చీటీని మడిచి ప్యూను జేబులోనే తిరిగి పెట్టి, వచ్చి అడగమన్నానని చెప్పాను. నిచ్చెన ఇవ్వనని నేను ఎప్పుడూ అనలేదు. ఈ మాట ఇప్పటికీ గట్టిగా చెబుతాను. వచ్చి అడగమన్నాను, అంతే.

నడుమ నలిగినవాడు లైబ్రేరియన్. ఆయన తిరునెల్వేలి వైపు తమిళుడు. బదిలీ మీద మా ఊరు వచ్చేనాటికి తెలుగు అక్షరం ముక్క రాదు. తన చేతి కింది నాలుగు బీరువాల పుస్తకాల పేర్లు తనే చదవలేకపోవడం అవమానంగా తోచి, ఎవరినీ అడక్కుండా, ఆ పుస్తకాల్లోంచే తెలుగు నేర్చుకున్నాడు. అన్నీ మా తాత కొన్న పాత పుస్తకాలు. దాంతో మా ఊళ్ళో గ్రంథాల తెలుగు మాట్లాడే ఏకైక మనిషి ఆ తమిళుడే అయ్యాడు. సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి మా అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉండేవాడు.

"అయ్యా, వర్షకాలము సమీపించుచున్నది. తమరు నిచ్చెనను దయచేయుదురా?"

"ఓవర్సియరు వచ్చి అడిగితే ఈ నిమిషమే ఇస్తాను సార్."

"నేను వారితో మనవి చేసితిని. వారేమనిరనగా..." అని ఆగి, ఆ భాగం గ్రంథాల తెలుగులో లేదు కాబట్టి తమిళంలోకి దిగి చెప్పాడు. దినమూ తిరువళ్ళూరుకు వచ్చే మనిషి రెండు వీధులు నడిచి నా ఆఫీసుకు రాలేడా, నేను రైలెక్కి పోయి ఏణికి దండం పెట్టాలా, అన్నాడట ఓవర్సియరు.

"చూసినారా సార్ ఆ తల పొగరు?" అన్నాను.

"చూచితిని" అన్నాడు ఆయన, నా వైపే చూస్తూ. "వారు రారు. తమరు పోరు. పుస్తకములు మాత్రము పోవును."

అలా ఎండాకాలం గడిచింది. ఆడి కృత్తిక పండగ వచ్చింది. కావళ్ళు మోసుకుంటూ కొండకు పోయే జనం ఎప్పటిలాగే లైబ్రరీ వసారాలో పడుకుని, స్తంభాల నడుమ పసుపు పంచెలు ఆరేసి, గుడ్డుసొన స్తంభాల మీద పసుపు చేతులు తుడిచి పోయారు. "ఈ పిల్లికి మీసాలు ఎవరు పెట్టినార్రా?" అని ఒకాయన నన్నే అడిగాడు. దసరాకు ముందు, పురటాసి నెలలో తొలి వాన పడిన రోజు సెలవు. నేను లైబ్రరీకి వెళ్ళి చూస్తే, రిటైరైన ఒక హెడ్‌మాస్టరు హాలు నడుమ కుర్చీలో గొడుగు విప్పుకుని కూర్చుని పత్రిక చదువుతున్నాడు. గొడుగు మీద చుక్క పడినప్పుడల్లా ఆయన పేజీ తిప్పడం ఆపి పైకి చూసేవాడు. పైకి చూసి, తర్వాత నన్ను చూసేవాడు. లైబ్రేరియన్ తన వేష్టి మడిచి కట్టి, తెలుగు బీరువాల మీద తన ఇంటి దుప్పట్లు కప్పుతున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఓవర్సియరు మీద వచ్చింది. ఆ గొడుగు మీద అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. రావలసినవాడి మీద రావడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది.

ఈ గొడవేదీ మా అవ్వకు తెలియదు. ఆమె ఎనభై దాటి, వెనక గదిలోంచి పండగలకు మాత్రమే బయటికి వచ్చేది. వీధిలో ఏం జరుగుతుందో ఆమెకు చెప్పి బాధపెట్టడమెందుకని నేను దాచాను. ఆయుధపూజ రోజు ఆమెను చేయిపట్టుకుని వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టాం. నేను నిచ్చెనకు పసుపు పూసి, కిందినుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టుకూ బొట్టు పెడుతున్నాను. బొరుగులూ బెల్లమూ తీసుకోవడానికి లైబ్రేరియన్ వచ్చాడు.

"ఏం నాయనా, మా మిద్దె ఎట్లుండాది?" అంది అవ్వ.

"అమ్మా, జలము స్రవించుచున్నది."

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమంటాడ్రా ఈయన?"

"కారతా ఉండాదంట" అన్నాను మెల్లగా.

"కారతా ఉండాదా? మరి ఏణి ఎత్తుకొని పోలేదా మీరు?"

"ఎవురూ వచ్చి అడగలేదవ్వా."

"అడిగేదేందిరా? మీ తాత ఎవుర్ని అడిగినాడు?" అంది ఆమె. ఆ గొంతు నేను చిన్నప్పుడు విన్నది, పాలేర్ల మీద లేచే గొంతు. "ఏటేటా ఈ పూజ అయిన మర్నాడు, కోడి కూసే పొద్దుకు, ముందర ఆయన, ఎనక నేను, ఈ ఏణి మోసుకొని వీధి దాటేవాళ్ళం. చీపురు చంకలో పెట్టుకొని ఎక్కేవాడు. ఆకులు, పిట్టగూళ్ళు, మొలకలు అన్నీ పెరికేసి, తూములు ఊడ్చి దిగేవాడు. ఎవురన్నా వస్తా ఉండారేమోనని నేను ఏణి పట్టుకొని వీధి చూస్తా ఉండేదాన్ని."

"మాకెవురికీ తెలీదే!"

"తెలిస్తే ఇంకేముండాది? అంత మనిషి చీపురు పట్టినాడంటే ఊరు నవ్వదా? ఎవురికీ చెప్పొద్దని నా చేత ఒట్టు పెట్టించుకొన్నాడు. కూలోళ్ళు ఎక్కితే పారలేసి గీకి మిద్దె చెడగొడతారని ఆయన భయం. దానికే ఏణి ఇంట్లో పెట్టుకొన్నాడు. ఆయన పొయ్యినాక మీ నాయనకు ఒక్కడికి చెప్తి. మనమేంది, ఊడ్చేదేందని నవ్వినాడు. నువ్వేమో బొట్టు పెడతా ఉండావు." నా చేతిలోని కుంకుమ గిన్నెను చూసింది. "ఎక్కకుండా బొట్టు పెట్టి ఏం చేస్తావురా దాన్ని?"

పై మెట్లకు ఇంకా బొట్లు పెట్టాల్సి ఉంది. గిన్నె కింద పెట్టేశాను.

మర్నాడు తెల్లవారకముందే ఎవరూ చూడకుండా పని ముగించాలని నా ఆలోచన. ఎంతైనా ఆ తాత మనవడిని. కానీ నిచ్చెనకు రెండో పక్క పట్టవలసిన లైబ్రేరియన్ విజయదశమి స్నానం, పూజ ముగించుకుని, నుదుట మూడు విభూతి గీతలతో తాపీగా ఎనిమిది గంటలకు వచ్చాడు. అప్పటికి వీధి వీధంతా లేచి ఉంది. ముందు నేను, వెనక ఆయన. పాలవాడు సైకిలు ఆపి "ఏంది అయ్యా, ఏణి యాడికి?" అన్నాడు. మా అద్దె కండక్టరు లుంగీ మీద బయటికి వచ్చి, "పోలాం, రైట్!" అని బస్సును పంపినట్టు అరిచాడు. ఆ నెల అతనితో మాట్లాడలేదు. కొండ కింద ఉండే మేస్త్రికి ముందురోజే కబురు పెట్టాను. సింహాన్ని చేసిన మేస్త్రి కొడుకు అతను, అరవై ఏళ్ళవాడు. వచ్చి నిచ్చెనను పైనుంచి కిందికి చూసి, "బలే అలంకారంగా ఉండాదే. పెండ్లి యాడ చిన్నయ్యా?" అన్నాడు.

మా అధికారం చెల్లే ఆ మిద్దెను నేను మొదటిసారి చూడడం ఆ రోజే. మోకాలి లోతు కుళ్ళిన ఆకు. రెండు తూములూ మూసుకుపోయి, నడుమ పచ్చటి మడుగు, మడుగులో కప్పలు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది సింహం వీపు. దానికి వీపే లేదు. వీధికి కనబడే వైపంతా జూలూ మీసాలూ, ఇటు చూస్తే పూత లేని ఇటుకల కుప్ప. ఆ కుప్పకూ దిమ్మెకూ నడుమ నుంచి వీధికి కనబడకుండా, నా చెయ్యంత లావు రావిచెట్టు మిద్దె వైపుకు వంగి పెరిగి ఉంది. దాని వేరు పిట్టగోడ చీల్చుకుని దూలంలోకి దిగింది. కింద హాలులో రాలుతున్న సున్నం ఆ వేరు తోసేసిందే.

మేస్త్రి వేరు మీద పలుగు ఆనించి చూశాడు. "చెట్టు పీకాలంటే సింహాన్ని దించాల చిన్నయ్యా. దాంతో దిమ్మె గూడా పోతాది."

"కొమ్మలు కొట్టేస్తే చాలదా మేస్త్రీ?"

"తల గొరిగిస్తే మళ్ళా వెంట్రుకలు రావా?"

"మీ నాయన చేసిన సింహం గదా అది."

"మా నాయన చేసిందే. వద్దని చెప్పింది గూడా మా నాయనే." అతను మడుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పిల్లిని చేసినాడని ఊరంతా నవ్వితే, చచ్చేదాకా మా నాయన ఈ వీధి తొక్కలా. సంతకు పోవాలన్నా చుట్టు తిరిగి పొయ్యేవాడు. నాకు మటుకు దాన్ని కొట్టాలని ఉండాదా?"

నేను చీపురు తీసుకుని తూము దగ్గర కూర్చున్నాను. చేతికి ఏదైనా పని ఉంటే తప్ప ఆ మాట నోటికి వచ్చేలా లేదు. అక్కడి నుంచి మా ఇల్లు కనిపిస్తోంది. పై నుంచి చూడడం అదే మొదలు. మా పెంకుల్లో ఎన్ని విరిగాయో, పెరట్లో కండక్టరు ఇంటి బట్టలు ఎన్ని తీగెల మీద ఆరుతున్నాయో, నా ఇల్లని నేను చెప్పుకునేది ఎంత చిన్నదో. గుప్పెడు గుప్పెడుగా బురద తోడుతున్నాను. మోచేతుల దాకా నలుపు, పంచె నిండా ఆకులు. సరిగ్గా అప్పుడు కిందినుంచి ఒక గొంతు తమిళంలో, ఎంతో వినయంగా అడిగింది: "సార్, ఏణి ఎక్కవచ్చునా?"

తొంగిచూశాను. చేతిలో తోలుసంచి, చంకలో గొడుగు, తల ఎత్తి నిలబడిన మనిషి. ఓవర్సియరు. సెలవు రోజైనా, లైబ్రేరియన్ ముందు సాయంత్రమే ఫోను చేయిస్తే రైలెక్కి వచ్చాడు. ఎన్నేళ్ళుగానో నేను ఎదురుచూసిన అడగడం అదే. మజ్జిగ లేదు, తాంబూలం లేదు, చేతిలో చీపురు. "ఎక్కండి సార్, మెట్ల మీద కుంకుమ ఉంది, బట్టలు జాగ్రత్త" అన్నాను. ఆయన ఎక్కి వచ్చి, నా చేతులు చూసి, చెట్టును చూసి, సంచి పక్కన పెట్టి ప్యాంటు మడిచి రెండో తూము దగ్గర కూర్చున్నాడు. మేమిద్దరం ఆ రోజు మాట్లాడుకున్నది నాలుగు ముక్కలు. రెండు తూముల్లోంచీ పచ్చనీళ్ళు ఒకేసారి వీధిలోకి దూకినప్పుడు మాత్రం ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

కొండ మీదికి మబ్బు దిగుతోంది. "దించు మేస్త్రీ" అన్నాను.

మూడో రోజున మోకులు కట్టి సింహాన్ని దించారు. ఊరంతా వచ్చింది. "పూనై దిగుతోంది, పూనై దిగుతోంది" అని అరుపులు. మీసం తగలకుండా మేస్త్రి దాని మూతికి తన తలగుడ్డ చుట్టాడు. దిమ్మె మీది పేరును కాపాడాలని చూశాం. వేరు లాగేసరికి అక్షరాలు ఒక్కొక్కటిగా ఊడి కింద పడ్డాయి. అప్పటికే వేరు వాటి వెనక అంతా తిని ఉంది. ఆ తర్వాత కడంబత్తూరు వైపు నుంచి పని తెలిసిన ఆడవాళ్ళు వచ్చారు. సిమెంటు పోద్దామని ఓవర్సియరు ఒకసారి అన్నాడు, నేను చూసిన చూపుకు మళ్ళీ అనలేదు. కరక్కాయ, బెల్లం వాసన వీధంతా. పలకల చప్పుడు తొమ్మిది రోజులు. అవి ఎగిరి వచ్చే చప్పుడు విని, వెనక గదిలోంచి అవ్వ "ఇంక చాలని చెప్పు వాళ్ళకి" అంది. పని ఆపిన ఐదో నాడు ఐపసి వాన పట్టింది. హెడ్‌మాస్టరు గొడుగు మడిచి చదువుకున్నాడు. ఓవర్సియరు సంతకం పెట్టాడు. తెలుగు బీరువాలు నాలుగూ కదలలేదు.

పిట్టగోడ చీలిక పూడ్చడానికి కట్టిన కొత్త దిమ్మె మీద తాతగారి పేరు రాయించమంటారా అని ఓవర్సియరే అడిగాడు. పైన ఇంకేం బరువూ వద్దన్నాను. పేరుకు బరువేముంటుంది సార్, అన్నాడు. ఆయనకు తెలియదు.

నిచ్చెనను లైబ్రరీ వసారాలో తగిలించి వచ్చాను. అప్పటి నుంచి ఏటా విజయదశమికి, పట్టపగలు, చీపురు పట్టుకుని ఎక్కాను. మొదటి రెండేళ్ళు జనం చూశారు, తర్వాత చూడడం మానేశారు. సింహం మా పెరట్లో బావి పక్కకు చేరింది. అవ్వ ఒకసారి కర్ర పట్టుకుని వచ్చి దాన్ని ఎగాదిగా చూసి, "మీసం ఆయనదే" అని లోపలికి పోయింది. ఓవర్సియరు, లైబ్రేరియన్ ఇద్దరూ బదిలీ అయిపోయారు. ఆ తర్వాత వచ్చిన ఎవరో నిచ్చెనను కోయించి పత్రికలు వేలాడదీసే చట్రం చేయించారు. అప్పుడూ పేచీ పెట్టుకున్నాను, లాభం లేకపోయింది. ఆ పైన వెదురు బొంగులు కట్టించుకుని ఎక్కేవాడిని. నాలుగేళ్ళ క్రితం మోకాళ్ళు వద్దన్నాయి.

ఇదంతా విన్నాక అబ్బాయి తన పుస్తకంలో రాసుకున్నది కొట్టేశాడు. కట్టించినవారి పేరు చెప్పమన్నాడు. "పేరు తర్వాత. ఐపసికి ముందు తూములు ఊడవాలని రాసుకో" అన్నాను. అమ్మాయి మాత్రం ఏమీ రాసుకోకుండా నన్నే చూస్తోంది. "నాలుగేళ్ళుగా ఎవురు ఊడుస్తా ఉండారు తాతా?" అంది. ఆమె లేచి వీధి చివర కేబుల్ టీవీ అతని దగ్గరికి పోయి, మడత పెట్టే పొడుగాటి అల్యూమినియం నిచ్చెన అడిగి తెచ్చింది. మా కోడలిని అడిగి చీపురు తీసుకుంది. నన్ను ఏమీ అడగలేదు. చున్నీ నడుముకు బిగించి ఎక్కింది. కింద నిచ్చెన పట్టుకోవడానికి నేను వెళ్ళాను, అబ్బాయి వద్దన్నా వినలేదు. పట్టుకుని నిలబడి, ఎవరైనా వస్తున్నారేమోనని వీధి వైపు చూస్తున్నానని కాసేపటికి గాని తెలియలేదు.

పైనుంచి ఆకులు పడ్డాయి, గూళ్ళు పడ్డాయి, ఒక చెప్పు పడింది. చివరికి ఆమె పిట్టగోడ మీదుగా వంగి, "ఇదొకటి గూడా ఉండింది తాతా" అని నా చేతిలోకి ఒక మొలక వదిలింది. రావి మొలక, వేరుతో సహా వచ్చింది, గోరంతవి రెండు లేత ఎర్ర ఆకులు. కాలం మా మిద్దె మీదికి ఏనాడూ మా నిచ్చెన అడిగి ఎక్కలేదు. ఏటా ఇలాగే వచ్చి, రెండు ఆకులతో మొదటి నుంచి మొదలుపెడుతూ ఉంది.